చెప్పకుండా తూచకూడదు

ప్రిన్సిపాల్ భీమశంకరరావు గారికి, మెకానికల్ విభాగం అధ్యాపకులకు, గరివిడి నుంచీ శ్రీకాకుళం నుంచీ సెలవు పెట్టుకుని వచ్చిన పాత విద్యార్థులకు, ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

నా పేరు మోహనకృష్ణ. విజయనగరం గంటస్తంభం దగ్గర ఇత్తడి సామాన్ల కొట్టు నాది. ఈ కాలేజీలో ఇరవై మూడేళ్ళు థర్మోడైనమిక్స్ చెప్పిన కన్యాకుమారి నా భార్య. పదకొండు రోజుల క్రితం పోయింది. మీరంతా వచ్చారు. ఆమె ఉంటే మీ అందరి పేర్లూ చెప్పేది. నాకు కొన్నే తెలుసు. మన్నించండి.

సెమినార్ హాలు ఉండగా సభ ఈ లాబ్‌లో ఎందుకని కొందరు అడిగారు. నేనే కావాలన్నాను. బాయిలరుకీ ఇంజన్లకీ మధ్య కుర్చీలు వేయడం కష్టమైంది. వెనక వాళ్ళు నిలబడే ఉన్నారు. కారణం ఈ బల్ల మీద ఉంది.

ఆమె ఫొటో ఉంది. పక్కన రెండు ఇత్తడి బిందెలున్నాయి. చూడండి. ఒకటి తళతళ మెరుస్తోంది. రెండోది నల్లగా మాసిపోయి ఉంది. రెండూ ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి ఊళ్ళో ఒకే మనిషి ఒకే వారంలో చేసినవి. బరువు ఒకటే, మూత ఒకటే. ఈ సభ మొదలయ్యే ముందు, సరిగ్గా నాలుగూ పదికి, లాబ్ చూసుకునే అప్పలసూరి రెండింట్లోనూ మరిగే నీళ్ళు కొలిచి పోసి మూతలు పెట్టాడు.

ఏది ముందు చల్లారుతుంది?

ఈ ప్రశ్న నాది కాదు. ఆమెది. నన్నే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. నా జేబులో ఒక ఖాళీ చీటీ ఉంది. మాట్లాడడం ముగిసేలోగా ఆ చీటీ మీద నా జవాబు రాయాలి. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను రాయబోయే మొదటి చీటీ అది. కొంచెం ఓపిక పట్టండి.

చీటీ సంగతి ఆమె దగ్గర చదివిన వాళ్ళకి తెలుసు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఈ లాబ్‌లో ఏ ప్రయోగం మొదలుపెట్టాలన్నా ముందు ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద ఏమవుతుందనుకుంటున్నారో రాసి, ఎందుకో ఒక ముక్కలో రాసి, సంతకం పెట్టాలి. దానికి మార్కులు లేవు. పక్కవాడి చీటీ చూడకూడదు. మేడమ్ మొహం చూసి రాయకూడదు. చీటీలన్నీ డబ్బాలో పడ్డాకే థర్మామీటరు ముట్టుకోవాలి. అంతా అయ్యాక ఒప్పు రాసినవాళ్ళ చీటీలు వాళ్ళకి తిరిగి ఇచ్చేసేది. తప్పు చీటీలు డబ్బాలోనే ఉండేవి. చించేది కాదు, కొట్టేసేది కాదు. ఎందుకని నేనోసారి అడిగాను. "ఒప్పు వాడిది, పట్టుకెళ్తాడు. తప్పు అందరిదీ. ఇక్కడే ఉండాలి" అంది.

ఆ డబ్బా ఇదే. మా కొట్టులోదే. మా కొట్టు నుంచి తూచకుండా బయటికి వెళ్ళిన వస్తువు ఇదొక్కటే.

మా ఇంట్లో కూడా చీటీలు నడిచేవి. మా అమ్మాయి ఝాన్సీ పదేళ్ళప్పటి నుంచీ రాసేది. పని చేసే తవిటమ్మ వేలిముద్ర వేసేది. రాయనిది నేనొక్కణ్ణే.

ఎందుకు రాయలేదు? చదువు లేక కాదు. నేను బి.కామ్. చదివాను. మా నాన్న నేర్పిన మాట ఒకటుంది. తూచకుండా చెప్పకూడదు. బిందె చేతిలో పట్టుకుని, ఎంత తూగుతాదండీ అని అడుగుతారు. చేతి అంచనా మాకు బాగానే తెలుస్తుంది. అయినా చెప్పం. మనం రెండున్నర అన్నాక కాటా రెండూ ముప్పావు చూపిస్తే, కొనేవాడు మన నోటిని అనుమానించడు. కాటానే అనుమానిస్తాడు. అందుకని నోరు మూసుకో, కాటాని చెప్పనీ. అది మా వ్యాపారం. మూడు తరాలు అలాగే బతికాం.

ఆమెది సరిగ్గా తిరగేసిన మాట. చెప్పకుండా తూచకూడదు. ముందే నోరు విప్పి ఒక మాట అనకపోతే, కాటా ఏం చూపించినా, నేనూ అదే అనుకున్నాను అనేస్తాం. అప్పుడు తూచి ఏం లాభం? ఏం నేర్చుకున్నట్టు?

ఒకే ఇంట్లో ఈ రెండు మాటలు ఇరవై ఎనిమిదేళ్ళున్నాయి. ఎవరూ ఓడలేదు. ఎవరూ గెలవలేదు.

మిత్రులారా, ఆమె ఎలాంటిదో చెప్పమన్నారు. పొగడడం నాకు రాదు. జరిగినవి చెబుతాను.

ఆమె పుట్టిల్లు కళింగపట్నం దగ్గర. ఒక సంవత్సరం క్లాసులో ఒక ప్రశ్న పెట్టింది. సముద్రం ఒడ్డున ఆరబెట్టిన చేప మే నెలలో త్వరగా ఎండుతుందా, జనవరిలోనా? అరవై మంది రాశారు. అందరూ మే అనే రాశారు. పిల్లలతో పాటు తనూ రాయడం ఆమె నియమం. తనూ మే అనే రాసింది.

మరి తూచాలి కదా. ఎలా? మా కొట్టు కాటా అడిగింది. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. ఆ కాటా మీద మా తాత రోజూ కుంకుమ పెట్టేవాడు. ఇచ్చాను. ఎందుకిచ్చానో ఇప్పటికీ నాకు తెలియదు. బహుశా ఏమవుతుందో చూద్దామనే. ఇవ్వడమే కాదు, తూచడానికి నేనే వెళ్ళాను. తూకం మాత్రం ఇంకొకరి చేతికి ఇవ్వలేను. జనవరిలో రెండు రోజులు, మేలో రెండు రోజులు కళింగపట్నం ఒడ్డున ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుని, పొద్దునొకసారి సాయంత్రమొకసారి చేపలు తూచాను. అరవై మంది ఇంజనీర్లు చుట్టూ నిలబడి అంకెలు రాసుకున్నారు.

అక్కడ చేపలు ఎండబెట్టే కూర్మమ్మ అని ఒక ముసలమ్మ. మా చీటీల సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "ఇంత సదువు సదివి సేప ఎండడం తెలీదేటమ్మా నీకు? మే నెల ఎండకి పైతోలు బిగిసిపోతాది, లోపల కుళ్ళిపోతాది. సేపని ఎండబెట్టీది సూరీడు కాదు, గాలి. పుష్యమాసం ఉత్తరగాలి రానీ, అప్పుడు సూడు" అంది.

కాటా కూర్మమ్మ చెప్పిందే చెప్పింది. జనవరి చేపకి రెండు రోజుల్లో సగం బరువు పోయింది. మే చేపకి అంత పోలేదు. రెండో రోజు సాయంత్రానికి దాని దగ్గర నిలబడలేకపోయాం. మే నెలలో సముద్రం మీది గాలి అప్పటికే కడుపునిండా నీళ్ళు తాగి ఉంటుందట. ఇంక తాగలేదట. ఆ మాట ఆమె పిల్లలకి లెక్కలతో చెప్పింది. నాకు ఇలా చెప్పింది.

తిరిగి వచ్చాక ఏం చేసింది? తన చీటీ చదివి వినిపించింది. అరవై మంది ముందు. మే నెల, కారణం ఉష్ణోగ్రత ఎక్కువ, సంతకం కన్యాకుమారి. చదివి డబ్బాలో వేసింది. ఆ డబ్బా ఇప్పటికి మూడుసార్లు నిండింది. చీటీలు సంచుల్లో కట్టి అటక మీద పెట్టారు. మూడుసార్లూ ఆ చీటీ మాత్రం తీసి మళ్ళీ అడుగునే వేసింది.

కాటా సంగతి అడుగుతారా? మా అమ్మ దాన్ని పసుపు నీళ్ళతో మూడుసార్లు కడిగించింది. "మన కాటాకి సేపల కంపేటే తల్లీ!" అని వారం రోజులు సణిగింది. ఎనిమిదో రోజు, జనవరి చేప ఎంత తూగిందని నన్ను చాటుగా అడిగింది.

ఇంకొకటి. వెంకటసాయి ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో. ఇప్పుడు గరివిడిలో ఫర్నేసు దగ్గర షిఫ్టు ఇన్‌చార్జి. అప్పుడు ఈ సబ్జెక్టు రెండుసార్లు తప్పాడు. అలాంటి వాళ్ళకి ఆదివారం మా కొట్టులో పాఠం. షట్టరు సగం దించి, బిందెల మధ్య కూర్చోబెట్టేది. పుస్తకం తెరిచేది కాదు. చేతికి సుద్దముక్క ఇచ్చేది.

ఆ రోజు స్టవ్ మీద టీ మరుగుతోంది. గీత గియ్యరా అంది. ఏది లోపలో ఏది బయటో చెప్పమంది. వెంకటసాయి టీ గిన్నె చుట్టూ గీశాడు. టీ ఎందుకు వేడెక్కిందని అడిగింది. స్టవ్ వల్ల అన్నాడు. స్టవ్ నీ గీత బయట ఉంది కదా అంది. చెరిపి స్టవ్ కూడా కలిపి గీశాడు. మంటకి గాలి ఎక్కణ్ణించి వచ్చిందంది. చెరిపి గది చుట్టూ గీశాడు. షట్టరు కింద నుంచి గాలి వస్తోంది కదా అంది. వాడు షట్టరు కింద నుంచి దూరి బయటికి వెళ్ళి రోడ్డు మీద గీయడం మొదలుపెట్టాడు.

పక్క కొట్టు ధనరాజ్ పరిగెత్తుకొచ్చాడు. "ఏటి బావా, రోడ్డు వెడల్పు సేసెత్తారేటి? మన మెట్లు కొట్టెత్తారా?" అని. గీత అతని మెట్ల మీంచి పోయింది మరి. గంటలో బజారంతా పాకింది. మర్నాడు నలుగురు వర్తకులు అర్జీ రాసి పట్టుకొచ్చి నన్ను సంతకం పెట్టమన్నారు.

నవ్వండి. ఆమె కూడా నవ్వింది. నవ్వి వాణ్ణి లోపలికి పిలిచి చెప్పిన మాట నేను కాటా వెనక కూర్చుని విన్నాను. "గీత ఎక్కడ గీసినా తప్పు లేదురా. నీ ఇష్టం. గీసిన తర్వాత దాన్ని దాటింది మాత్రం దాచకు. లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత, మిగిలిందెంత. ఈ సబ్జెక్టు అంతే."

అంతేనా? అంతే అయితే ఇన్ని పుస్తకాలెందుకు? నాకు అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం అడిగాను. బిందెలో వేడి నీళ్ళుంటే, వేడి గీత లోపల ఉన్నట్టే కదా అన్నాను. కాదంది. బిందెలో వేడి ఉండదంది. బిందెలో ఉన్నదానికి వేరే పేరుందంది. గీత దాటుతున్నప్పుడే దాని పేరు వేడి. దాటడానికి ముందు ఆ పేరు లేదు, దాటాక ఆ పేరు లేదు. మీ పిల్లలు చాలామంది పరీక్షలో ఇక్కడే తప్పుతారట. నేను కూడా తప్పాను. ఉన్నదాన్ని వేడి అనడం తప్పు, వెళ్ళేదాన్ని అనాలి. ఈ మాట మీద చాలా రోజులు ఆలోచించాను. కొట్టులో గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆలోచించాను. పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

ఇక ఈ బిందెలు.

పోయిన ఏడు దసరాకి తవిటమ్మ ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోముతోంది. కన్యాకుమారి ఈ రెండు బిందెలూ తెచ్చి, ఒకటి తోము, రెండోది ముట్టుకోకు, ఇంకా మాయనీ అంది. తవిటమ్మకి కోపం వచ్చింది. "ఏటమ్మా, పండగ పూట ఒక బిందె తోమి ఒక బిందె వొగ్గీమంటారేటి? సూసినోల్లు మిమ్మల్ని ఏటీ అనరు, నన్నే తిడతారు." ఏడాది పాటు ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ తవిటమ్మ సంజాయిషీ చెప్పుకుంది. తవిటమ్మా, ఈ రోజు అందరి ముందూ చెబుతున్నాను. తప్పు నీది కాదు.

ఏది ముందు చల్లారుతుందో చీటీ రాయమని నన్ను అడిగింది. ఇత్తడి అమ్మేవారు మీరు, మీరే చెప్పాలి అంది. చూద్దాంలే అన్నాను. తర్వాత జబ్బు తెలిసింది. మూడు వారాలు విశాఖ ఆసుపత్రిలో ఉన్నాం.

అక్కడ కూడా ఆమె టీచరే. నర్సు యమున జ్వరం చూడడానికి వచ్చేది. కీచుమని కూసే మిషన్ పెట్టి, కూయగానే తీసేది. కన్యాకుమారి మా ఇంటి నుంచి పాత పాదరసం థర్మామీటరు తెప్పించింది. పెట్టించుకుని, రెండు నిమిషాలు ఆగమనేది. "అదీ నేనూ సమానం అవ్వాలి కదమ్మా. అవ్వకుండా చూస్తే నువ్వు చదివేది నా జ్వరం కాదు, నీ తొందర." ఈ మాట ఈ లాబ్‌లో ఎన్నిసార్లు విని ఉంటారో మీకే తెలుసు. ఆ పిల్ల మొదట విసుక్కుంది. రెండో వారం నుంచి మంచం పక్కన స్టూలు వేసుకుని రెండు నిమిషాలు కూర్చునేది. ఇద్దరూ ఊరికే ఆగేవారు. యమున ఈ రోజు డ్యూటీ మార్చుకుని వచ్చింది. తలుపు దగ్గర నిలబడింది.

ఒక సాయంత్రం నన్ను మళ్ళీ అడిగింది. చీటీ రాశారా అని. ఇంటికి వెళ్ళాక రాస్తాను అన్నాను. నవ్వింది. పుట్టింటి యాస వచ్చేసింది నోట్లోంచి. "ఏటండీ, తప్పయితే కాటా ఇరిగిపోతాదా?" అంది.

ఇంటికి వెళ్ళలేదు.

ఆఖరి రోజు తెల్లవారాక ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. నా చేతి కంటే చల్లగా ఉంది. ఏది ఎటు వెళ్తోందో నాకు తెలుసు. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి. ఆమె చెప్పిన వాటిలో నాకు సందేహం లేనిది అదొక్కటే. చెయ్యి తీయలేదు. సమానం అయ్యేదాకా ఉంచాను.

అంతకంటే ఆ రోజు గురించి చెప్పను.

మొన్న అప్పలసూరి ఇంటికి వచ్చాడు. బాబూ, బిందెల్లో నీళ్ళు పోసి చూసి ఏదన్నది చెప్పీమంటారా అన్నాడు. వద్దన్నాను. చూశాక రాస్తే అది చీటీ కాదు. అందుకే ఇక్కడ, మీ అందరి ముందు. మీలో చాలామందికి జవాబు తెలుసు. మొహాలు చూస్తుంటే తెలుస్తోంది. దయచేసి నా వైపు చూడకండి. వెంకటసాయీ, నువ్వు మరీను. తల దించుకో.

నేను ఏమనుకుంటున్నాను?

మా పెరట్లో స్నానాల నీళ్ళ కాగు ఉండేది. ఏళ్ళ మసి పట్టి నల్లగా ఉండేది. మా నాయనమ్మ దాన్ని తోమనిచ్చేది కాదు. నల్ల కాగు తొందరగా కాగుతాది అనేది. నిజమే, కాగేది. అంటే నలుపుకి వేడితో స్నేహం. స్నేహం ఉన్నది పట్టి ఉంచుతుంది కదా? మాసిన బిందెలో నీళ్ళు ఎక్కువసేపు వెచ్చగా ఉంటాయి. చిన్నప్పటి నుంచీ నేను నమ్మింది ఇదే. ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

కానీ ఈ పదకొండు రోజుల్లో ఇంకో ఆలోచన వచ్చింది. వెంకటసాయి గీసిన గీతకి లోపలికి రావడానికి ఒక వాకిలి, బయటికి పోవడానికి వేరే వాకిలి ఉన్నాయా? సులువుగా లోపలికి రానిచ్చే వాకిలి, సులువుగా బయటికీ పోనిస్తుందేమో? అలా అయితే నా నమ్మకం తల్లకిందులు.

ఏది రాయాలి? మూడు రోజులుగా ఇదే నాకు పని. మీ అందరి ముందు తప్పు రాయడం మా వంశంలో లేదు. రెండో జవాబు రాస్తే ఒప్పవుతుందేమోనని ఆశ కూడా ఉంది. కానీ అది నేను అనుకున్నది కాదు. ఆమెకి నచ్చుతుందేమోనని వెతుక్కున్నది. మేడమ్ మొహం చూసి రాయకూడదు. నియమం నియమమే. ఫొటోలో మొహమైనా సరే.

రాస్తున్నాను. ఒక్క నిమిషం.

మెరిసే బిందె ముందు చల్లారుతుంది. కారణం, మాసినది వేడిని పట్టి ఉంచుతుంది. సంతకం.

చదివాను కదా, డబ్బాలో వేస్తున్నాను. ఒప్పయితే అప్పలసూరి నా చీటీ నాకు తిరిగి ఇస్తాడు, ఇంటికి పట్టుకెళ్తాను. తప్పయితే ఇందులోనే ఉంటుంది. అడుగున ఆమె చీటీ ఉంది.

ఏది కావాలో నన్ను అడగకండి.

అప్పలసూరీ, మూతలు తీసి థర్మామీటర్లు పెట్టు. వెంటనే చూడకు.

మిత్రులారా, పిల్లలూ, ఆమె ప్రతిసారీ మిమ్మల్ని ఆగమన్నంతసేపే ఇప్పుడూ ఆగుదాం. రెండు నిమిషాలు. ఎవరూ మాట్లాడవద్దు. ఎవరూ తొంగిచూడవద్దు. సమానం కానివ్వండి.

లేచి నిలబడండి.